కొండమెట్ల ముసలమ్మను దోషిని చెయ్యకు: ఒక యువ రచయిత్రికి లేఖ

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మాయీ,

నీ కథ అందింది. మొదట గబగబా చదివేశాను, తర్వాత పెన్సిల్ పట్టుకుని నిదానంగా చదివాను. ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఆఖరి పేజీలో ముసలమ్మ నోరు తెరవగానే కోరపళ్ళు కనిపించాయని రాశావు చూడు, ఆ వాక్యం తీసెయ్. నాకున్న అభ్యంతరం అదొక్కటే. కానీ అది చిన్నది కాదు, అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

నువ్వు గుంటూరు అమ్మాయివైనా బెజవాడ వన్‌టౌన్ కొండ మీది ఇళ్ళను శ్రద్ధగా చూశావు. చిట్టినగర్ వైపు ఆ ఇరుకు మెట్లు, ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి గడప ఎత్తున ఉండటం, కింద కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు చంకనెత్తుకుని ఎక్కటం అన్నీ కళ్ళకు కట్టాయి. ముసలమ్మ ప్రతి మలుపు దగ్గరా బిందె దించి, చెంగుతో మెడ తుడుచుకుని, పైకి ఇంకా ఎన్ని మెట్లున్నాయో చూడకుండానే మళ్ళీ ఎత్తుకుంటుందన్నావు. ఆ ‘చూడకుండానే’ దగ్గర నేను ఆగిపోయాను. అది నేర్పితే వచ్చే మాట కాదు. పక్కింటి పిల్ల రోజురోజుకూ పాలిపోతుంటే తల్లి ముందు పసరు మందు పోయించటం, తర్వాత తాయెత్తు కట్టించటం, అదీ పనిచెయ్యక మెల్లగా పక్కింటి వైపు చూడటం, ఆ వరస కూడా సరిగ్గా పట్టుకున్నావు. మన ఇళ్ళల్లో భయం ఇలాగే మెట్టు మెట్టుగా ఎక్కుతుంది.

ఆ చూపు ముసలమ్మ మీద పడ్డాక ఏం చేశావు? వీధి వీధంతా రాళ్ళు పట్టుకుని పైకొచ్చింది. సరిగ్గా అప్పుడు నువ్వు కోరపళ్ళు చూపించావు. అంటే రాళ్ళు పట్టుకున్నవాళ్ళ మాటే నిజమని తీర్పిచ్చావు. చదివినవాడు “అనుకున్నదే, అది రక్తపిశాచే” అని పుస్తకం మూస్తాడు. ఒళ్ళు గగుర్పొడిచే ముగింపు కావాలనే నీ తాపత్రయం నాకు తెలుసు. కానీ మన దగ్గర ఈ కథ కథగా ఆగదమ్మా. చేతబడి చేసిందనే అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టటం, సజీవంగా తగలబెట్టటం తెలుగునాట జరిగాయి. మంత్రం నోట పలకకుండా ఉండాలని పళ్ళు రాలగొట్టటం కూడా జరిగింది. నీ కథలో ఆ నోటికి కోరపళ్ళు మొలిపించావు. బయట అదే నోట్లోంచి మామూలు పళ్ళు ఊడగొడుతున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి ఆలోచించు.

దేశంలో జరిగిన నేరాల లెక్కలు ఏటా అచ్చేసే జాతీయ నివేదికలో, హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్య అనుమానానికి విడిగా ఒక గడి ఉంటుంది. మహారాష్ట్రలో ఇలాంటి వాటిని ఆపటానికి చట్టం కావాలని ఏళ్ళ తరబడి తిరిగిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, ఆ ఏడాది చివరికి చట్టమైంది. కర్ణాటక 2017లో తన చట్టం చేసుకుంది. ఇవన్నీ నీ కథలో పెట్టమని చెప్పటం లేదు. నువ్వు ఏ నేల మీద నిలబడి రాస్తున్నావో తెలిసి ఉండాలని చెబుతున్నాను.

అనుమానం ఎవరి మీద పడుతుందో గమనించావా? మొగుడూ కొడుకులూ ఉండి, నలుగురు బంధువులున్న మనిషి మీద పడటం తక్కువ. వెనకా ముందూ ఎవరూ లేని ఆడమనిషి మీద పడుతుంది. పక్కవాళ్ళకు కన్నున్న జాగా ఏదైనా ఆమె పేరున ఉంటే ఇంకా తొందరగా పడుతుంది. నీ ముసలమ్మకు ఆ రెండు గదుల ఇల్లు సొంతమని రెండో పేజీలో రాశావు. రాసి వదిలేశావు. ఆమె పోతే ఆ ఇల్లు ఎవరి చేతికొస్తుంది? నీ కథ అక్కడ దాక్కుని ఉందని నా నమ్మకం.

ఇక నువ్వు తెచ్చుకున్న రక్తపిశాచి సంగతి. అది ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే నీ భయం ఇంకా చిక్కబడుతుంది. 1725లో, ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలో, కిసిల్యెవో అనే పల్లెలో పీటర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చనిపోయాడు. ఆ తర్వాత ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు. పోయేముందు వాళ్ళంతా ఒకటే మాట చెప్పారు: పీటర్ నిద్రలో వచ్చి మీద పడుకుని గొంతు నులిమాడని. అతని భార్య చెప్పింది మాత్రం వేరు. చచ్చిపోయిన మొగుడు ఇంటికొచ్చి తన చెప్పులు అడిగాడట. ఆమె ఆ ఊరే విడిచి వెళ్ళిపోయింది.

చెప్పులు అడగటం! మనం కర్మలప్పుడు చెప్పులూ గొడుగూ ఎందుకు దానమిస్తాం? పోయినవాళ్ళు ఆ దారంతా నడవాలని కదా. సెర్బియా రైతు భార్యకు మన శాస్త్రం తెలియదు. అయినా ఆమెకు పట్టుకున్నది అదే దిగులు. రాయటానికి కూర్చున్నప్పుడు కోరపళ్ళ కన్నా ఈ చెప్పుల దగ్గర ఎక్కువసేపు ఉండు.

సమాధి తవ్వించాలని, లేకపోతే ఊరు ఖాళీ చేసి పోతామని జనం పట్టుబట్టారు. ఫ్రోంబాల్డ్ అనే అధికారి దగ్గరుండి చూశాడు. శవం కుళ్ళలేదు, నోటి దగ్గర నెత్తురుంది. గుండెలో కొయ్య దిగ్గొట్టి తగలబెట్టారు. ఆ అధికారి పైవాళ్ళకు రాసిన నివేదికలో, ఇందులో తప్పేమైనా ఉంటే అది భయంతో ఒళ్ళు తెలియని జనానిదే కానీ తనది కాదని రాసుకున్నాడు. ఇలాంటి ఆఫీసరు మన కథల్లో ఇంకా సరిగా రాలేదు. నమ్మడు, ఆపడు, కాగితం మీద మాత్రం తన చేతులు కడిగేసుకుంటాడు.

ఆ నోటి దగ్గర నెత్తురు మాట అబద్ధం కాదు. వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు. శవం లోపల వాయువులు చేరి పొట్ట ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి లోపలి ఎర్రటి నల్లటి ద్రవం నోట్లోంచి ముక్కులోంచి బయటికొస్తుంది. చర్మం ముడుచుకుపోతే గోళ్ళు పెరిగినట్టు కనబడతాయి. కొయ్య దిగ్గొడితే లోపలి గాలి గొంతులోంచి తోసుకొచ్చి మూలిగినట్టు చప్పుడవుతుంది. చలినేలలో శవం చాలాకాలం చెడదు. వీటిలో ఒక్కటీ తెలియని మనిషి ఆ గోతి అంచున నిలబడి ఏమనుకుంటాడు? 1732లో ఫ్లూకింగర్ అనే మిలిటరీ సర్జన్ ఇలాంటివే ఇంకొన్ని శవాలు చూసి రాసిన నివేదికతో యూరప్ అంతా ఈ మాట గుప్పుమంది. చివరికి 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన సొంత వైద్యుడు వాన్ స్వీటెన్ సలహా తీసుకుని, శవాలను తవ్వి తగలబెట్టటాన్ని నిషేధించింది.

నువ్వు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటుంది. అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చోట, ఎక్సెటర్ పల్లెలో జార్జ్ బ్రౌన్ అనే రైతు. భార్యను క్షయ తినేసింది, తర్వాత పెద్ద కూతుర్ని. 1892 జనవరిలో ఇంకో కూతురు, పంతొమ్మిదేళ్ళ మెర్సీ పోయింది. కొడుకు ఎడ్విన్ మంచంలో ఉన్నాడు. చచ్చినవాళ్ళలో ఎవరో ఎడ్విన్ రక్తం పీలుస్తున్నారని ఇరుగుపొరుగు తీర్మానించారు. తండ్రికి నమ్మకం లేదు. అయినా ఒప్పుకున్నాడు. మార్చి 17న తీసి చూస్తే తల్లీ పెద్దకూతురూ ఎముకలయ్యారు, మెర్సీ శరీరం మాత్రం చెడలేదు. నడి చలికాలంలో పోయిన పిల్ల, రెండు నెలలు ఆ చలిలోనే ఉన్న పిల్ల, ఎలా చెడుతుంది? అక్కడున్న డాక్టరు ఇది క్షయేనని చెప్పాడు. వినలేదు. గుండె తీసి కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి ఆమె అన్న ఎడ్విన్ చేత తాగించారు. రెండు నెలలు తిరక్కుండా అతనూ పోయాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ కనిపెట్టింది 1882లో. అంటే అప్పటికి పదేళ్ళయింది. తెలియాల్సిన విషయం లోకానికి తెలిసే ఉంది, ఆ ఇంటి గడప దాకా రాలేదు అంతే.

నీ కొండ మీది పిల్ల దగ్గరికి వద్దాం. ఆ పిల్ల ఎందుకు పాలిపోతోంది? నువ్వు రచయిత్రివి కాబట్టి కథలో చెప్పినా చెప్పకపోయినా నీకు మాత్రం తెలియాలి. క్షయ కావచ్చు, తిండి చాలక రక్తం తగ్గటం కావచ్చు. కొంకి పురుగులు కూడా కావచ్చు. అవి చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగే పిల్లల అరికాళ్ళలోంచి ఒంట్లోకి దూరి, పేగు గోడను కరుచుకుని రక్తం పీలుస్తాయి. రక్తం తాగేది నిజంగానే ఉందన్నమాట, పక్కింట్లో కాదు, పిల్ల కడుపులో. దానికి మందు ఒక ఆల్బెండజోల్ మాత్ర. బళ్ళలో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల దినం పేరు పెట్టి ఫిబ్రవరిలో, ఆగస్టులో ఊరికే ఇస్తారు, పిల్లలు మొహం చిట్లించి నమిలేస్తారు. నీ కథలో ఆ పిల్ల ఆ రోజు బడికి ఎందుకు పోలేదు? తాయెత్తు కట్టించటానికి తీసుకెళ్ళారా? ఆశా వర్కరు అన్ని మెట్లెక్కి వచ్చిందా, కిందనుంచే పేర్లు రాసుకుని వెళ్ళిపోయిందా? ఇవి తేల్చుకుంటే నీ కథకు కొత్త ఎముకలొస్తాయి.

ఇదంతా చెప్పి, దయ్యాలు లేవని నిరూపించే కథ రాయమంటున్నానని అనుకోకు. పాఠం చెప్పే కథ పిల్లలు కూడా చదవరు. నమ్మేవాళ్ళను తక్కువ చేసి రాస్తే నీ పేజీలో వాళ్ళు బొమ్మలుగా మిగులుతారు. నేనూ దయ్యాల్ని నమ్మను. కానీ కృష్ణ ఒడ్డున కర్మలు జరిగే చోట కూర్చుని చూస్తుంటాను.

ఒకసారి అక్కడ ఒక కుటుంబం పిండం పెట్టి కాకి కోసం నిలబడింది. కాకి గోడ మీదే ఉంది, దిగదు. ఎండ మాడుతోంది. “ఆయన మనసులో ఏమన్నా ఉండిపోయిందేమో, చెప్పుకోండి నాయనా” అన్నాడు పురోహితుడు. పెద్దకొడుకు “నాన్నా, చెల్లి పెళ్ళి నేను చేస్తాలే” అన్నాడు. రాలేదు. ఒకావిడ ముందుకొచ్చి “అత్తయ్యను బాగా చూసుకుంటాం మావయ్యా” అంది. రాలేదు. అందరికీ టెన్షన్. అప్పుడు చిన్నకొడుకు, అంతదాకా దూరంగా సెల్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డవాడు, గొంతు పెగలక “స్థలం గొడవ మానేస్తాం నాన్నా, అన్నయ్యా నేనూ కలిసే ఉంటాం” అన్నాడు. అన్న వెళ్ళి వాణ్ణి పట్టుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. కాకి దిగింది. జనం జరగబట్టే దిగిందని నాకు తెలుసు. ఆ మాట అక్కడ నా నోటికి రాలేదు, రాకూడదు కూడా. కాకి కోసం నిలబడకపోతే ఆ చిన్నకొడుకు అంతమంది ముందు ఆ మాట అనేవాడు కాదు. నమ్మకాన్ని రాయటం అంటే నాకు ఇదే. ఆ మనిషికి అది ఎందుకు కావలసి వచ్చిందో రాయాలి.

దయ్యం పట్టటం కూడా ఇలాగే చూడు. మన దయ్యాలు సమాధుల్లోంచి లేచి రావటం తక్కువ, బతికున్న మనిషిని పడతాయి. అదీ ఎక్కువగా కొత్త కోడల్ని. నోరెత్తి ఎరగని పిల్ల జుట్టు విరబోసుకుని అత్తను “ఒసేయ్” అంటుంది, మావను పేరు పెట్టి పిలుస్తుంది, కోడి కోయమంటుంది. ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వింటారు. మామూలు రోజున ఆ పిల్ల తలనొప్పిగా ఉందంటే వినరు. ఆ తర్వాత భూతవైద్యుడు వచ్చి వేపమండలతో కొడతాడు, ఎండుమిరపకాయల పొగ ముక్కుకు పెడతాడు. మన గుంటూరు మిరప ఘాటు నీకు నేను చెప్పాలా? తలుపులేసిన గదిలో ఆ పొగ పీల్చే మనిషి లోపలినుంచి ఒక పేజీ రాయి. ఆ దగ్గు, ఆ కళ్ళ మంట, “పోతానను, పోతానను” అంటున్న గొంతు, చివరికి పొగ ఆగితే చాలని “పోతున్నా” అనటం. ఏ రక్తపిశాచీ అంత భయపెట్టదు. ఆ పిల్లకున్నది మూర్ఛ కావచ్చు, మనోవ్యాధి కావచ్చు, మోయలేని కాపురం కావచ్చు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సిన మనిషి అక్కడ ఉక్కిరిబిక్కిరవుతోంది.

గుండెల మీద ఎవరో కూర్చుని నొక్కుతున్నట్టు, కళ్ళు తెరిచున్నా వేలు కదపలేనట్టు చాలామందికి తెల్లవారుజామున అవుతుంది. కలలు వచ్చే నిద్రలో ఒంటి కండరాలు పట్టు వదిలేసి ఉంటాయి. మెదడు కాస్త ముందు మేలుకుంటే ఒళ్ళు ఇంకా లేవదు, కల ఇంకా పోదు. కిసిల్యెవో జనం చెప్పిన “మీద పడుకుని గొంతు నులిమాడు” అన్న మాట చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

మన ఊళ్ళోనే ఇలాంటి విషయాలతో తలపడినవాళ్ళున్నారు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన గోపరాజు రామచంద్రరావు, అందరూ గోరా అంటారు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని బెజవాడ పటమటకు మార్చారు. ఆయన భార్య సరస్వతి గోరా, పిల్లలు, కార్యకర్తలు నిప్పుల మీద జనం ముందే నడిచి, ఇందులో మహిమ లేదని చూపించేవారు. బొగ్గు నిప్పులు వేడిని చర్మానికి నెమ్మదిగా అందిస్తాయి, అడుగు వెంటవెంటనే పడితే కాలు కాలేంత టైమ్ ఉండదు. వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చేది, నమ్మేవాణ్ణి తిట్టకపోవటం, వాడి కళ్ళ ముందే నడవటం. మరి మన కథల్లో శవం మాట్లాడకూడదా అంటావేమో. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు పచ్చి హేతువాది. నెల నెలా విక్రమార్కుడి భుజం మీద శవాన్ని ఎక్కించి మాట్లాడించిన చందమామ పత్రిక ఏళ్ళ తరబడి ఆయన చేతుల మీదుగానే వచ్చింది. ఆ బేతాళుడు అడిగేది ఎప్పుడూ ఎవరిది న్యాయం, ఎవరిది తప్పు అనే. నీ కథలో పిశాచాన్ని ఉంచాలనుంటే ఉంచు, ఆ ప్రశ్న అడిగించు.

చిన్న చిన్నవి రెండు. కిటికీకి కొట్టుకున్న గబ్బిలాన్ని రక్తం కోసం తెచ్చావు. రక్తం తాగే గబ్బిలాలు అమెరికా ఖండాల్లో తప్ప లేవు, మన చెట్లకు వేలాడేవి పళ్ళు తింటాయి. పైగా నువ్వు గుంటూరు జిల్లా పిల్లవు. వినుకొండలో పుట్టిన జాషువా, గుడిలోకి రానివ్వని మనిషి బాధను శివుడి చెవిన వెయ్యటానికి పంపింది గబ్బిలాన్నే. అది చదివిన తెలుగువాడికి ఆ రెక్కల చప్పుడు వేరేగా వినిపిస్తుంది. ఎండ తగలగానే పిశాచం మాడిపోవటం కూడా పాత నమ్మకం కాదు, 1922లో వచ్చిన ఒక జర్మన్ మూకీ సినిమా నుంచి వ్యాపించింది. మన కొండ మీద మిట్టమధ్యాహ్నం వేళకు కూడా దయ్యాలున్నాయి, మీ అమ్మమ్మను అడుగు.

ఇక ఆఖరి పేజీ. దాన్ని నేను దిద్దను, నువ్వే రాయాలి. ఒకటి మాత్రం నీ ప్రతిలో తేలలేదు. రాళ్ళు పట్టుకుని మెట్లెక్కినవాళ్ళలో ఆ పిల్ల తల్లి ఉందా? “అందరూ” అని దాటేశావు. నా ఊహలో ఆమెకు పూర్తిగా నమ్మకం లేదు. ఎక్సెటర్ తండ్రికి లేనట్టే. పిల్లకు ఒంట్లో బాగాలేనప్పుడు ఇదే ముసలమ్మ ఎన్నోసార్లు గంజి కాచి ఇచ్చి ఉంటుంది. మరి ఆమె ఎందుకు ఎక్కింది, ఎక్కకపోతే పిల్ల చస్తే జనం ఏమంటారని ఎక్కిందా, చేతిలో రాయి ఎవరు పెట్టారు, ముసలమ్మ తలుపు తీసినప్పుడు ఆమెను ఏమని పిలిచింది, ఇవి రాయి. రాసి సంక్రాంతి లోపల పంపు. పుస్తకాల పండగకు బెజవాడ వస్తావు కదా, ప్రతి తెచ్చుకో, కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు